బంద్‌కి బందోబస్తు ఏదీ?



2024 జూలై 18న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. మర్నాటి నుంచి మన చెవిన పడ్డ మాటలు రెండే. సర్కారు వైపు నుంచి "ఊహించని వరద" అన్నారు. మన మొహల్లాల వైపు నుంచి "అల్లాహ్ మర్జీ" అన్నారు. మాటలు వేరైనా రెండూ చేసే పని ఒకటే. సవాల్‌ను లేవకముందే దఫన్ చేస్తాయి.

నేను ఆ సవాల్‌నే అడగదలచుకున్నాను. వాన ఖుద్రత్, సరే. మరి కట్ట? అది మనుషులు పోసిన మట్టి. గేటు మనుషులు బిగించిన ఇనుము. ఆ కట్ట గట్టిగా ఉందని ఏటా ఎవరో ఒకరు కాగజ్ మీద దస్తఖత్ పెట్టాలి. ఆ దస్తఖత్ ఎవరిది, ఏం చూసి పెట్టారు, కట్ట కింద బతికేవాళ్ళకు దాన్ని ఎందుకు చూపించరు? ఈ ముజ్మూన్ అంతా ఈ మూడు ప్రశ్నలే.

ముందు ఆ ఇలాఖా సంగతి. అశ్వారావుపేట వైపు అడవి నీళ్ళన్నీ తీసుకుని పెద్దవాగు వేలేరుపాడు మండలం మీదుగా గోదావరిలో కలుస్తుంది. అంతా పాత ఖమ్మం జిల్లాయే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం కోసం వేలేరుపాడు, కుక్కునూరు లాంటి మండలాలు ఆంధ్రకు వెళ్ళాయి. కట్ట తెలంగాణలో మిగిలింది, దాని కింది పొలాలు చాలావరకు ఆంధ్రలోకి పోయాయి. సుమారు 16 వేల ఎకరాల ఆయకట్టులో తెలంగాణ వాటా రెండు వేల పైచిలుకు ఎకరాలే. మరమ్మతుకు పైసలు ఎవరు పెట్టాలి? నీళ్ళు వాడుకునేది అవతలివాళ్ళని ఇటు వాళ్ళు, కట్ట మీ చేతుల్లో ఉంది కదా అని అటు వాళ్ళు. 2021 జూలైలో కేంద్ర జలశక్తి శాఖ గెజెట్ వచ్చింది. ఆ అక్టోబర్‌లో గోదావరి నదీ యాజమాన్య బోర్డు, మొదట పెద్దవాగునే ప్రయోగంగా చేతుల్లోకి తీసుకుంటామంది. అంటే ఒక జాయిదాద్, ఇద్దరు వారసులు, పైన ఒక ముతవల్లీ. వక్ఫ్ జమీన్ల హాల్ చూసిన మన కౌమ్‌కు ఇలాంటి కథ ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా?

ఆ రోజు వాన మామూలుది కాదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ ప్రాజెక్టుకున్న మూడు గేట్లలో ఒకటి సమయానికి లేవలేదనీ, తెరిచినవి కూడా ఆలస్యంగా తెరిచారనీ కింది ఊళ్ళవాళ్ళు అన్నారు. ఆ వారం అఖ్బార్లలో అదే వచ్చింది. రాత్రికి కట్టకు పెద్ద గండి పడింది. నారాయణపురం దగ్గర వరదలో చిక్కుకున్న కూలీలను హెలికాప్టర్‌తో తీయాల్సి వచ్చింది. పశువులు కొట్టుకుపోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. వేలేరుపాడు మండలం అసలే పోలవరం ముంపు మండలం. కింది నుంచి గోదావరి తంతుంటే, పై నుంచి పెద్దవాగు తన్నింది. నష్టపోయినవాళ్ళలో కోయలున్నారు, రైతులున్నారు, కౌలుదార్లున్నారు. నీళ్ళు ఎవరి జాత్ అడగలేదు.

ఇక కట్ట సంగతి. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, మాటల పుట్టుక వెతకడం అప్పటి అలవాటు. ఇంగ్లీషువాడు కట్టను 'బండ్' అంటాడు. ట్యాంక్‌బండ్‌లో ఉన్నది అదే. ఆ మాట వాడిది కాదు, ఫార్సీ 'బంద్'. కట్టినది, కట్టేసి ఉంచేది అని మానీ. 'బందోబస్తు' కూడా అదే ఇంటి బిడ్డ. మన దగ్గర వీఐపీ వస్తే బందోబస్తు ఉంటుంది, జులూస్‌కు బందోబస్తు ఉంటుంది. బంద్‌కు మాత్రం ఉండదు.

మట్టికట్ట ఎలా చస్తుందో తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ముఖ్యంగా మూడు దారులు.

ఒకటి, నీళ్ళు కట్ట తల మీదుగా పొర్లడం. కాంక్రీటు కట్ట మీద నుంచి నీళ్ళు దూకినా కాసేపు ఓర్చుకుంటుంది, మట్టికట్ట ఓర్చుకోదు. కింది వాలు కోసుకుపోతూ కొన్ని గంటల్లో గండి అవుతుంది. అందుకే అలుగు, గేట్లు ఉంటాయి. వాటి పని అదనపు నీళ్ళను పక్క దారిన పంపడం. అలుగు మీద ముళ్ళకంపలు పెరిగినా, గేటు తుప్పు పట్టినా, కరెంటు పోయినప్పుడు జనరేటర్‌లో డీజిల్ లేకపోయినా, కట్ట ఎంత గట్టిదైనా బేకార్.

రెండు, నీళ్ళు కట్ట లోపల నుంచి దారి చేసుకోవడం. కట్ట మీద పెరిగిన చెట్టు చచ్చి, దాని వేరు కుళ్ళితే అక్కడ గొట్టం తయారవుతుంది. ఎలుకలు, ఎండ్రకాయలు, చెదలు చేసే బొరియలు కూడా అంతే. తూము పక్కన మట్టి సరిగ్గా దిమ్మిస కొట్టకపోతే అక్కడి నుంచీ నీళ్ళు దూరతాయి. కట్ట కింద కొంచెం నీళ్ళు ఊరడం సహజమే. ఊరే నీళ్ళు తేటగా ఉంటే ఒక మాట, బురదగా వస్తుంటే ఇంకో మాట. బురద అంటే కట్ట లోపలి మట్టి బయటికి పోతోందని మతలబ్. ఈ ఫరఖ్ చెరువు కింద బతికిన ఏ నానీమాకైనా తెలుసు.

మూడు, వాలు జారిపోవడం. కట్ట మీద పొడుగునా చీలిక, వాలు మీద ఉబ్బు, రాతి పేర్పు కుంగడం దాని నిషానీలు. ఎన్నో రోజుల ముందే కనిపిస్తాయి. చూసే కళ్ళు ఉండాలి అంతే. ఒకప్పుడు ఊరికి నీరటి ఉండేవాడు, ప్రాజెక్టుకు లష్కర్ ఉండేవాడు. 'లష్కర్' అంటే ఫౌజు. కట్టకు కాపలా కాసే ఫౌజు అన్నమాట. ఆ కొలువులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచి, కట్టను చూసేవాడు లేకుండా చేసి, తెగాక "ఊహించలేదు" అంటే ఎలా? ఊహించే మనిషినే మీరు తీసేశారు కదా జనాబ్.

ఖానూన్ లేదా అంటే, ఉంది. డ్యామ్ సేఫ్టీ చట్టం, 2021. ఆ ఏడాది డిసెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ముఆయినా చేయాలంటుంది. తెగితే ఏ ఊళ్ళకు ఎప్పుడు ఎలా ఖబర్ ఇవ్వాలో, ఎవర్ని ఎటు తరలించాలో అత్యవసర ప్రణాళిక రాసుకోవాలంటుంది. ఐదేళ్ళలోపు, అంటే 2026 డిసెంబర్ 30 నాటికి, ప్రతి పాత డ్యామ్‌నూ బయటి నిపుణుల ప్యానెల్‌తో పూర్తిగా పరీక్ష చేయించాలంటుంది. చట్టం కింద ఇచ్చిన ఆదేశాలను పాటించక జాన్ పోతే రెండేళ్ళ దాకా జైలు కూడా రాసి ఉంది. చదవడానికి మంచి చట్టం.

కానీ ఆ చట్టం తలుపు దగ్గర ఒక కొలబద్ద ఉంది. పదిహేను మీటర్ల కంటే ఎత్తైనవి నేరుగా లోపలికి. పది నుంచి పదిహేను మీటర్ల మధ్యవి అయితే, పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడమో, పది లక్షల ఘనపు మీటర్లకు తగ్గకుండా నీళ్ళు పట్టడమో, అలాంటి షరతు ఒకటి కుదిరితేనే. పది మీటర్ల లోపువి గేటు బయటే. తెలంగాణలో మిషన్ కాకతీయ లెక్క ప్రకారం 46 వేలకు పైగా చెరువులున్నాయి. వాటిలో అత్యధికం ఆ గేటు బయట నిలబడినవే. మన ఊరి చెరువు కట్ట ఎవరి ముఆయినాలో ఉంది? ఏఈ సాబ్ బండి మీద వెళ్తూ చూసిన చూపులో.

చిన్న కట్ట తెగితే చిన్న నష్టమే కదా అంటారు కొందరు. 1908 సెప్టెంబర్ 28ని అడగండి. హైదరాబాద్‌ను మూసీ మింగిన రోజు. దాదాపు పదిహేను వేల మంది పోయారని అంటారు. రుబాయీలకు పేరుపడ్డ అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ సైలాబ్‌లోనే పోగొట్టుకున్నారు. తర్వాత నిజాం హుకూమత్ విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన లెక్క తీస్తే తేలింది ఇది: మూసీ పైన ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే ఆ నీళ్ళు కింది దాని మీద పడతాయి, అదీ తెగితే ఇంకో దాని మీద. చట్టం ఒక్కో కట్టను విడివిడిగా టేపు పెట్టి కొలుస్తుంది. వరద అన్నిటినీ జమ చేసుకుంటూ వస్తుంది. అప్పటి హుకూమత్ ఆ సబక్ నేర్చుకుంది. వరదను ఆపడానికే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాటి గేట్లు ఎత్తుతున్నారంటే ఇప్పటికీ హైదరాబాద్ మూసీ ఒడ్డు మొహల్లాలకు ముందుగా ఖబర్ వస్తుంది. వేలేరుపాడు కోయగూడేనికి అదే హక్ ఎందుకు లేదు?

అధికారులు చెప్పే ఇంకో మాట "వందేళ్ళ వరద". చాలా బలమైన మాటలా వినిపిస్తుంది. వందేళ్ళకోసారి వస్తుంది కాబట్టి మన జిందగీలో రాదేమో అనిపిస్తుంది. దాని మానీ అది కాదు. ఏ ఏడాదైనా అంత వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి, అంతే. నిరుడు వచ్చినా ఈ ఏడు మళ్ళీ నూటికి ఒకటే. లెక్క వేసి చూడండి. కట్ట కింద ఒక కుటుంబం ముప్పై ఏళ్ళు బతికితే, ఆ మధ్యలో ఒక్కసారైనా అది వచ్చే అవకాశం 26 శాతం. యాభై ఏళ్ళయితే దాదాపు 40 శాతం. మన దేశపు ప్రమాణాల్లో చిన్న డ్యామ్‌ల అలుగును ఈ వందేళ్ళ వరదకే కడతారు. అంటే కొత్తగా, సరిగ్గా కట్టినప్పుడే ఉన్న ఖత్రా అది. అడవులు నరికాక, వానల తీరు మారాక, అలుగు పూడిపోయాక, గేటు తుప్పు పట్టాక ఆ లెక్క ఇంకా చెడుతుంది. పాత కాగితం మీది అంకెను ఇవాళ్టి కట్టకు అంటించి "సేఫ్" అనడం, పదేళ్ళ కిందటి రక్తపరీక్ష చూసి అబ్బాజాన్‌కు షుగర్ లేదనడం లాంటిది.

ఇది ఒక్క పెద్దవాగు కథే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2021 నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. దాని పైనున్న పింఛా ముందు తెగింది. అన్నమయ్యకున్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. ముప్పై మందికి పైగా పోయారు. కార్తీక దీపాలు పెట్టడానికి శివాలయానికి వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. ఆ విషయం పార్లమెంటు దాకా వెళ్ళింది. గేటు గురించి దేశమంతా మాట్లాడింది. మూడేళ్ళు తిరక్కుండానే పెద్దవాగు దగ్గర మళ్ళీ గేటు మాటే. అన్నమయ్య కింద చనిపోయినవాళ్ళ జాన్ మనకు ఒక్క గ్రీజు డబ్బా విలువైనా నేర్పలేదా?

2019 జూలై 2న మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే మట్టికట్ట తెగి దాదాపు ఇరవై మంది చనిపోతే, అక్కడి వజీర్ సాబ్ ఎండ్రకాయల మీద ఇల్జామ్ వేశారు. లీకు గురించి ఊరివాళ్ళు ముందే చెప్పుకున్నారని కూడా అప్పుడు వార్తలొచ్చాయి. ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి, నిజమే. అది వాటి పని. ఆ బొరియ చూసి పూడ్చడం డిపార్ట్‌మెంట్ పని. ఎండ్రకాయ తన డ్యూటీ చేసింది.

బొరియల మాట వచ్చింది కాబట్టి, "అల్లాహ్ మర్జీ" అనేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాను. సూరా సబాలో ప్రస్తావన ఉన్న సైలుల్ అరిమ్ మనందరికీ తెలుసు. యెమెన్‌లో మారిబ్ బంద్ తెగిన సైలాబ్ అది. అదీ మట్టికట్టే. ఎలుకలు దాన్ని లోపల నుంచి తొలిచాయని ముఫస్సిరీన్ రాశారు. ఆ కిస్సాను నాశుక్రీ మీద సబక్‌గా వింటాం. నేను ఇంకొకటి కూడా అడుగుతాను. చేతికి అందిన నేమత్‌ను చూసుకోకపోవడం నాశుక్రీ కాదా? కట్టను ఎలుకలకు వదిలేసి, తెగాక తఖ్దీర్ అనడం తవక్కుల్ అవుతుందా?

అదే మారిబ్ కట్ట అంతకుముందు కూడా తెగింది. సుమారు 548లో దాన్ని బాగుచేయించినవాడు అబ్రహా. అవును, ఆమ్‌ఉల్‌ఫీల్ కిస్సాలోని ఏనుగుల అబ్రహాయే. మనకు అతను ఆదర్శం కాదు. కానీ అతను వేయించిన రాతి శాసనం ఇప్పటికీ ఉంది. కట్ట తెగిందని, ఏ ఖబీలాలను పనికి పిలిచాడని, మధ్యలో వబా వస్తే కూలీలను ఇళ్ళకు పంపాడని, పని చేసినవాళ్ళకు ఎంత పిండి, ఎంత మాంసం ఖర్చయిందని రాళ్ళ మీద చెక్కించాడు. పద్నాలుగు వందల డెబ్భై ఏళ్ళకు పైగా గడిచాయి. కాబా మీదికి ఫౌజుతో వచ్చినవాడే కట్ట లెక్కను రాతి మీద అందరికీ కనబడేట్టు పెడితే, ఓట్లతో గెలిచిన మన హుకూమతులు ముఆయినా రిపోర్టును బీరువాలో పెట్టి తాళం వేస్తాయా? నేను తిరిగిన ఏ ఊళ్ళోనూ, ఏ పంచాయతీ గోడ మీదా, ఆ ఊరి చెరువు కట్ట రిపోర్టు తెలుగులో అంటించి ఉండగా చూడలేదు.

రిపోర్టు బయటపెడితే జనం ఘబ్రాయిస్తారని ఒక వాదన ఉంది. జనాన్ని ఘబ్రాయించేది అర్ధరాత్రి ఇంట్లోకి వచ్చే నీళ్ళు, గోడ మీది కాగితం కాదు. ఇంకో వాదన పైసలు లేవని. కొత్త కట్ట కట్టమని ఎవరూ అడగడం లేదు. కంప కొట్టించడం, గేట్లకు గ్రీజు, వానాకాలానికి ముందు గేట్లను ఒకసారి పూర్తిగా ఎత్తి దించి చూడటం, జనరేటర్‌కు డీజిల్, రాత్రి కాపలాకు ఇద్దరు మనుషులు. తెగిన తర్వాత నష్టపరిహారం చెక్కుల ఫొటోలకయ్యే ఖర్చు ముందు ఇదెంత? మూడో వాదన, ఇంజినీర్లే పరీక్ష చేస్తున్నారు కదా అని. చేస్తున్నారు. కానీ కట్ట నీటిపారుదల శాఖది, పరీక్షించే రాష్ట్ర సంస్థ కూడా ఆ ఛత్ కిందిదే. ముల్జిమ్ తానే, గవాహ్ తానే, మున్సిఫ్ తానే అయితే ఫైసలా ఎలా ఉంటుంది? నిజాయితీగా పనిచేసే ఇంజినీర్ సాబ్‌లు ఉన్నారు, వాళ్ళకు నా సలాం. వాళ్ళు రాసిన చేదు మాటను పైవాళ్ళు ఫైల్లో తొక్కేయకుండా కాపాడేది కూడా ఆ రిపోర్టు బయట పడటమే.

"అడవి అంచున కోయగూడేల కట్ట గురించి మన ఉమ్మత్‌కు ఏం పని?" అనేవాళ్ళకు ఖమ్మం చాలు. పెద్దవాగు తెగిన ఆరు వారాలకే, 2024 సెప్టెంబర్ 1న, మున్నేరు ఖమ్మంలోకి వచ్చింది. వాగు ఒడ్డున ఎవరుంటారు? జమీన్ చౌకగా దొరికే చోట ఉండేవాళ్ళు. అందులో మనవాళ్ళు ఎందరో మీకు తెలుసు. ఆ రోజుల్లోనే పక్కన మహబూబాబాద్ జిల్లాలో చెరువులు తెగి, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టే కొట్టుకుపోయింది. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద చిక్కుకున్న తొమ్మిది మందిని హర్యానా నుంచి పని కోసం వచ్చిన ఒక ముస్లిం జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి తీసుకొచ్చాడు. ఆ వీడియోను మనం ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేసుకున్నామో లెక్కలేదు. ఫఖర్ నాకూ ఉంది. కానీ ఒక డ్రైవర్ బహాదురీ మీద ఒక షహర్ హిఫాజత్ ఆధారపడిందంటే, అది ఆ డ్రైవర్ ఇజ్జత్, సర్కారు షరమ్. ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టినవాళ్ళలో కట్టల రిపోర్ట్ అడిగినవాళ్ళు ఎందరు?

అడగడం కష్టమేమీ కాదు. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం తెల్లకాగితం మీద, పది రూపాయల ఫీజుతో అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. మీ ఊరి కట్ట పేరు రాసి నాలుగు ప్రశ్నలు వేయండి. చివరి ముఆయినా ఏ తారీఖున జరిగింది, ఎవరు చేశారు, ఏం లోపాలు రాశారు? గేట్లు, తూములు ఆఖరుసారి ఎప్పుడు ఎత్తి చూశారు? ఈ కట్ట డ్యామ్ సేఫ్టీ చట్టం కిందికి వస్తుందా, రాకపోతే దీని జిమ్మేదారీ ఎవరిది? తెగితే మా మొహల్లాకు ఖబర్ ఎవరిస్తారు, ఎంతసేపట్లో? నాలుగో ప్రశ్నకు జవాబు రాకపోతే, మన వైపు నుంచి ఒక పేష్‌కష్ కూడా రాయండి. మసీదు మైకు ఉంది, గుడి మైకు ఉంది, చర్చి మైకు ఉంది. గేట్లు ఎత్తబోయే ముందు ఆ మూడింటికీ ఒక్క ఫోన్ చేస్తే ఊరంతా లేస్తుంది. ఆ ఫోన్ నంబర్ల జాబితా తయారుచేయడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

సరిహద్దు కట్టలకు ఇంకో షర్త్ కూడా కావాలి. రెండు సర్కార్లు, ఒక బోర్డు వాటాల మీద ఎన్నేళ్ళయినా బహస్ చేసుకోండి. కానీ ఫైసలా తేలేవరకు కట్ట మరమ్మతు ఆగకూడదు. ముందు కట్ట బాగుచేయండి, లెక్కలు తర్వాత సర్దుకోండి. ఇంట్లో అన్నదమ్ములు పంపకాల మీద కొట్లాడుకుంటున్నా, కారే పైకప్పును వానకు ముందే నేయిస్తారు. ఎందుకంటే కింద పడుకునేది అమ్మీ.

వచ్చే జుమ్మా నమాజ్ తర్వాత మసీదు కమిటీవాళ్ళను ఆపి ఒక్క మాట అడగండి. మన ఊరు ఏ కట్ట కింద ఉంది? దాన్ని ఆఖరుసారి ఎవరు చూశారు? జవాబు తెలియకపోతే అక్కడే ఆ తెల్లకాగితం తీయండి. మృగశిర కార్తె తారీఖు ప్రతి క్యాలెండర్‌లోనూ అచ్చయి ఉంటుంది. ఆలోపే మన కట్ట ముఆయినా తారీఖు కూడా గోడ మీదికి రావాలి.